సాయంత్రం గొర్రె కొలత

మొన్న చలి పోయి ఎండలు మొదలయ్యేటప్పుడు మా ఆయన ఫోన్‌లో వేలితో ఒక గీత గీశాడు. నేల మీద కొలిస్తే ఇరవై అడుగులుండదు. ఆ గీత వల్ల నా టిఫిన్ బండి హోటలయింది, మా మామ గొర్రెల మంద రోడ్డు మీద రెండు ముక్కలయింది, ఇంట్లో ముగ్గురం కొన్నాళ్ళు ఒకరి మొహం ఒకరు చూడలేకపోయాం. గీసింది ఆయనే, గీయమన్నది మాత్రం నేను. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. పోనుపోను చెప్పడం కష్టమవుతుంది.

మా ఊరు మార్కాపురం నుంచి త్రిపురాంతకం పోయే దారిలో ఉంది. రోడ్డుకు ఒక పక్క ఊరు, రెండో పక్క గుట్ట, గుట్ట వారన శ్మశానం. రోడ్డు వెడల్పు చేసినప్పుడు నడుమ మోకాలెత్తు డివైడర్ కట్టారు. గుట్ట పక్కకు బండి పోవాలంటే మూడు కిలోమీటర్లు ముందుకు పోయి తిరిగి రావాలి. కట్టి నెల తిరక్కుండానే, పుష్యమాసంలో, మా అత్త ఆదెమ్మ పోయింది.

ఆమె నాకు అత్తగారే కాదు, మా నాన్నకు సొంత చెల్లెలు. చిన్నప్పుడు నాకు జడ వేసింది ఆ చేతులే. పాడె మోసుకుని రోడ్డెక్కాక గానీ ఎవరికీ డివైడర్ గుర్తు రాలేదు. నలుగురూ పాడెతో అక్కడే నిలబడిపోయారు. ట్రాక్టర్లో పెట్టి చుట్టూ తిప్పుకొని పోదామని ఎవరో అన్నారు.

"బయల్దేరిన మనిషిని ఊరెంబడి తిప్పేది లేదు," అన్నాడు మా మామ మల్లయ్య. "గడ్డపార్లు తెండి."

పది నిమిషాల్లో డివైడర్ కూలింది. దుమ్ము ఇంకా అణగకముందే పాడెను ఆ సందులోనే దించారు. దింపుడు కళ్ళం అక్కడే జరిగింది. ప్రాణం ఎక్కడైనా మిగిలి ఉంటే పలుకుతుందేమోనని, కావలసినవాళ్ళు చెవి దగ్గర మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు కదా. మామ మోకాళ్ళ మీద కూర్చుని పిలిచాడు. ఆదెమ్మా. ఆదెమ్మా. ఆదెమ్మా. మూడోసారి పిలిచి, ఆమె మొహంలోకి చూస్తూ కాసేపు ఆగాడు. తర్వాత పాడె ఎత్తారు. ఆడవాళ్ళం అక్కడినుంచి వెనక్కి వచ్చేశాం.

సందు అట్లాగే ఉండిపోయింది. మామ రోజూ పొద్దున ఎనభై రెండు గొర్రెలను ఆ సందులోంచి గుట్టకు తోలుకుపోవడం, సాయంత్రం అందులోంచే తోలుకురావడం మొదలుపెట్టాడు.

ఇక మా ఆయన గోవర్ధన్ సంగతి. మేనత్త కొడుకు కాబట్టి నాకు బావ. పాల వ్యాను నడుపుతాడు. పొద్దునొక ట్రిప్పు, సాయంత్రమొక ట్రిప్పు, మధ్యలో మధ్యాహ్నమంతా ఫోన్. మిగతా మొగుళ్ళు ఫోన్లో సినిమాలు చూస్తారు, ఈయన రోడ్లు చూస్తాడు. దారి చూపించే యాప్‌లో మ్యాపు తప్పుగా ఉంటే సరిదిద్దే వాళ్ళు దేశమంతా ఉన్నారట. అందరూ ఊరకే చేసేవాళ్ళే. ఈయనా వాళ్ళలో ఒకడు.

ఆ పిచ్చి ఎట్లా పట్టిందంటే, మూడేళ్ళ కిందట ఫోన్ చెప్పిన దారిన పోయి ఒక చెరువు కట్ట చివర ఇరుక్కున్నాడు. కట్ట అక్కడితో ఆగిపోయింది. ఫోన్ ఏమో తాపీగా యూ-టర్న్ తీసుకోమంటోంది. అటు నీళ్ళు, ఇటు పొలం, బర్రె కూడా తిరగలేని జాగా. పాల క్యాన్లతో కిలోమీటరు రివర్సు వచ్చాడు. పాలు విరిగాయి, ఆయన మెడ పట్టేసింది. నేను కాపడం పెడుతుంటే చెప్పాడు. దారి ఎక్కడ ఆగిపోతే అక్కడ బండి తిప్పుకోవచ్చని యాప్ తనకు తానే అనుకుంటుందట. కాదని మనిషెవరో చూసి చెబితే తప్ప దానికి తెలియదట.

"చెప్తే జీతమిస్తారా?" అని అడిగాను.

"ఇయ్యరు."

"మరెందుకు?"

"ఇంకొకడి మెడ పట్టకుండా," అన్నాడు.

అప్పటినుంచి తను తిరిగే దారుల్లో ప్రతి డివైడర్ సందు దగ్గరా ఆగడం, ఫొటో తీయడం, అడుగులు కొలవడం. ఎక్కడ తిరగొచ్చు, ఎక్కడ తిరగకూడదు, కారు తిరిగే చోట లారీ తిరుగుతుందా లేదా, అన్నీ రాస్తాడు. ఆయన గీసినవి సరిచూసే పెద్దామె ఒకరున్నారు. పేరు ఎలీషబా, దర్శిలో టీచరు. ఎప్పుడూ కలవలేదు గానీ ఈయనకు ఆమె మాటంటే మాటే. వాళ్ళకొక నియమం ఉంది. నేల మీద ఉన్నదే గీయాలి. ఉంటే బాగుండు అనుకున్నది గీయకూడదు, లేకుంటే బాగుండు అనుకున్నది చెరపకూడదు.

ఆ నియమం పట్టుకునే నేను ఆయన్ని బుట్టలో వేశాను.

నా టిఫిన్ బండి సందుకు ఎదురుగా, ఊరి పక్కన. త్రిపురాంతకం పోయే కార్లన్నీ అవతలి రోడ్డు మీద, నా దోసెల వాసన చూస్తూ పోతుండేవి. మాఘమాసం చివర్లో ఒక మధ్యాహ్నం అన్నాను, "ఉన్నది ఉన్నట్టు గీయాలంటావు గదా బావా. మన సందు ఉండాది గదా. దాన్ని గీయవేంది?"

"అది మనోళ్ళు కొట్టింది."

"ఎవరు కొడితేనేం, నేల మీద ఉందా లేదా? కార్లు తిప్పుకుంటుండాయా లేదా?"

ఆయన పోయి చూశాడు. ఊళ్ళో రెండు మూడు కార్లు అప్పటికే అందులో తిప్పుకుంటున్నాయి. అడుగులు కొలిచాడు, ఫొటో తీశాడు, వద్దనే బోర్డు ఏదీ లేదని నిర్ధారించుకున్నాడు, ఇంటికొచ్చి గీత గీశాడు. యూ-టర్న్ తీసుకోవచ్చు అని పెట్టాడు. మా ఊళ్ళోకో వెనక్కో తిరగాల్సిన కార్లను యాప్ అక్కడే తిప్పేది, టిఫిన్ కావాల్సినవాళ్ళూ అక్కడే తిరిగేవాళ్ళు. వారం తిరిగేసరికి నా బండి ముందు కార్లు ఆగడం మొదలైంది. అద్దాలు దించిన కారులోంచి యాప్‌లోని ఆడగొంతు వినిపించేది, యూ-టర్న్ తీసుకోండి అని. ఆ గొంతుకు రోజూ ఒక నెయ్యి దోసె పెట్టినా తప్పులేదనిపించేది. రేకుల పందిరి వేయించాను. రెండు బల్లలు కొన్నాను. ఇంకొక పెనం పెట్టాను. మా అత్త ఉంటే మెటికలు విరిచి దిష్టి తీసేది.

సాయంత్రం మందతో మామ వచ్చే వేళకు కార్ల రద్దీ కూడా ఎక్కువే. ఆయన సందు దగ్గరికొచ్చాక మందంతా దాటేదాకా నడుమ నిలబడి, దాటాక కూడా కాసేపు అక్కడే నిలబడేవాడు. కార్లవాళ్ళు హారన్ కొట్టేవాళ్ళు. ముసలాయనకు చెవులు మందగించాయని అనుకున్నాను. గొర్రెలు అమ్మేసి నా హోటలు గల్లా దగ్గర కూర్చోమని అంతకుముందే రెండుసార్లు అన్నాను. ఆయన వినిపించుకోనట్టు కర్ర తీసుకుని పోయాడు.

ఉగాది దాటిన నాలుగో రోజు. పొద్దు వాలుతోంది. సగం మంద రోడ్డు దాటింది, సగం సందులో ఉంది. తెల్ల కారొకటి వేగంగా వచ్చి సందులోకి తిరిగింది. నేను గరిటె అక్కడే పడేసి పరిగెత్తాను. నేను పోయేసరికి సగం గొర్రెలు ఇటు, సగం అటు, పిల్లలు ఒక పక్క తల్లులు ఒక పక్క అరుస్తున్నాయి. మామకు ఏమీ కాలేదు. నల్లమూతి గొర్రె పడిపోయి ఉంది. దాని తల ఒళ్ళో పెట్టుకుని రోడ్డు మీద కూర్చున్నాడు. కాసేపటికి అది కాళ్ళు తన్నుకోవడం ఆపేసింది.

కారులో అబ్బాయి దిగొచ్చాడు. ఫోన్ చూపించి, "ఇది తిరగమంది పెద్దాయనా. నాకీ దారి కొత్త," అన్నాడు.

"ఎవరు తిరగమన్నారు?" అన్నాడు మామ.

"ఇదండీ. ఈ మ్యాపు."

అప్పుడే మా ఆయన వ్యాను వచ్చి ఆగింది. దిగి, తండ్రిని చూశాడు, గొర్రెను చూశాడు, ఆ అబ్బాయి చేతిలో ఫోన్ చూశాడు. అటుపక్క మిగిలిపోయిన గొర్రెలను ఒక్కొక్కటిగా ఇటు తోలాడు.

ఆ పూట అన్నం దగ్గర చెప్పాడు. "అది నేనే గీసినా నాయనా."

మామ ముద్ద కలపడం ఆపలేదు. "ఏంది?"

"ఆడ తిప్పుకోవచ్చని ఫోన్‌లో పెట్టింది నేనే."

"ఉన్నది పెట్టినావు. లేంది పెట్టలేదు గదా," అన్నాడు మామ. "ఆ సందు కొట్టించింది నేను. నువ్వేం చేస్తావు. తిను."

నేను మజ్జిగ పోస్తున్నాను. గీయమన్నది నేనేనని ఆ క్షణంలో అనాల్సింది. అనలేదు. మజ్జిగ కంచం దాటి కింద పోయింది.

పొద్దున్నే మా ఆయన ఆ చోట యూ-టర్న్ కుదరదని మార్చేశాడు. మధ్యాహ్నానికి అది మళ్ళీ కుదురుతుంది అని మారిపోయింది. ఎలీషబా మేడం ఫోన్ చేశారు. ఈయన స్పీకర్‌లో పెట్టాడు.

"గోవర్ధన్ తమ్ముడూ, అక్కడ బోర్డు పెట్టారా? ఫొటో ఉందా?"

"లేదక్కా."

"సందు మూసేశారా?"

"లేదు."

"మరి తిరగొచ్చుగా. ఏమైంది, ఎప్పుడూ ఇట్లా చేయవే నువ్వు?"

ఆయన చెప్పాడు. ఆమె అంతా విన్నారు. తర్వాత మెత్తగా, "నాన్నగారికి దెబ్బ తగల్లేదు కదా," అన్నారు. "తమ్ముడూ, ఇవాళ నీ కోసం నేను ఒప్పుకుంటాను. రేపు ఇంకొకరు వాళ్ళ ఇంటి ముందు కార్లు రాకూడదని మూసేస్తారు. అప్పుడు ఏ మొహం పెట్టుకుని వద్దంటాను? నువ్వే చెప్పు, నువ్వేమంటే అదే చేస్తాను."

"నువ్వు చేసిందే కరెక్టు అక్కా. అట్లనే ఉండనీ," అన్నాడు మా ఆయన.

నాకు ఒళ్ళు మండింది. తండ్రి కంటే ఆ నియమం ఎక్కువైందా అని ఆయనతో పోట్లాడాను. లోపల్లోపల మాత్రం, కార్లు ఆగిపోవు అని ఒక చిన్న ఊరట. ఆ ఊరటను తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

రోడ్డు కంపెనీకి అర్జీ పెడదామన్నాడు మా ఆయన. రోడ్డు రిపేర్ల మేస్త్రీ ఇస్సాకు రోజూ నా దగ్గరే ఇడ్లీ తింటాడు. వద్దని తలూపాడు. "వాళ్ళ ప్లానులో ఈడ సందే లేదు బావా. ఉండాదని నువ్వు రాసిస్తే రేపే కాంక్రీటు పోసి మూస్తారు. మీ నాయన మంద ఎగురుకుంటా పోతుందా?"

మామ పక్కనే నులకమంచం మీద ఉన్నాడు. ఏమీ ఎరగనట్టు, "అమ్మేస్తాంలే. ఎండాకాలం పోనీ," అన్నాడు.

నేను ఎన్నాళ్ళుగానో వినాలనుకున్న మాట అది. ఆయన ఆ మాట అన్న తీరు విన్నాక మాత్రం అమ్మమని ఇక అనబుద్ధి కాలేదు.

ఆ సాయంత్రం నుంచి ఎర్ర తువ్వాలు పట్టుకుని నేనే రోడ్డు మీద నిలబడి, మంద దాటేదాకా కార్లు ఆపడం మొదలుపెట్టాను. మొదటిరోజే ఆయనకు దగ్గరగా నిలబడ్డాను కాబట్టి వినబడింది. గొర్రెలన్నీ దాటాక, మామ సందులో ఆగి, గుట్ట వైపు తిరిగి, మామూలు గొంతుతో అన్నాడు, "ఎనభై ఒకటి ఉండాయే ఆదెమ్మా. ఒకటి నిన్న పోయింది."

ముప్పై అయిదేళ్ళు మా అత్త సాయంత్రాలు వాకిట్లో నిలబడి ఆయనతోపాటు గొర్రెలు లెక్కపెట్టింది. ఆయన లెక్క చెబితే ఆమె సరే అనేది, అప్పుడు దొడ్డి తడిక వేసేవాడు. పిలిస్తే ఆమె పలకని చోటనే ఆయన రోజూ లెక్క అప్పగిస్తున్నాడు. వెనక కారువాడు హారన్ మీద చెయ్యి తీయడం లేదు. నేను తువ్వాలు దించలేదు. కొట్టుకోనీ అనుకున్నాను.

తెల్లారి ఇస్సాకుకు ఇడ్లీ పెడుతూ అడిగాను. "అన్నా, సందు మూయకుండా కారు దూరకుండా చేయలేమా? పలకల గనుల కాడ రాతి చెక్కలు కుప్పలు పడుండాయి గదా. నిలువుగా పాతితే?"

ఇస్సాకు నా రేకుల పందిరి వైపు చూశాడు, కొత్త బల్లల వైపు చూశాడు. "నీ కడుపు నువ్వే కొట్టుకుంటావా అక్కా?"

"ఇంకొంచెం చట్నీ వేసేదా?" అన్నాను.

ఆ ఆదివారమే పని జరిగింది. మా ఆయన పాల వ్యానులో రాళ్ళు తెచ్చాడు. ఒక్కొక్కటీ నడుమెత్తు, అరచెయ్యంత మందం. ఇస్సాకు టేపు తీసి, పక్కనున్న గొర్రెను నిలబెట్టి, అడ్డంగా కొలిచి, ముగ్గు పిండితో నేల మీద గుర్తులు పెట్టాడు. గుంత తవ్వబోతుంటే మామ నవ్వాడు. అత్త పోయాక ఆయన నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి.

"ఏంది మామా?" అన్నాడు ఇస్సాకు.

"పొద్దుటి గొర్రెను కొలిచినావురా ఇస్సాకూ. ఖాళీ కడుపుతో ఉండేదాన్ని. ఇదే గొర్రె సాయంత్రం మేసొచ్చినాక నీ సందులో ఇరుక్కుంటాది. అది ఇరుక్కుంటే ఎనకున్నవి దాని మీదెక్కుతాయి. సాయంత్రం గొర్రెను కొలువు."

మామ మందను గుట్టకు తోలుకుపోయాడు, మిగతావాళ్ళం పని ఆపేసి సాయంత్రం దాకా కూర్చున్నాం. నేను ఉప్మా చేశాను. మంద తిరిగొచ్చాక, అన్నిటికంటే పొట్ట పెద్దదైన చూడి గొర్రెను ఎంచి, మామ దాన్ని పట్టుకోగా ఇస్సాకు మళ్ళీ కొలిచాడు. అరడుగు తేడా వచ్చింది. ఆ కొలతకే రాళ్ళు పాతారు. ఇస్సాకు తెలుపూ నలుపూ పట్టీలు వేసి, ఎర్రగా మెరిసే బిళ్ళలు అతికించాడు. రాళ్ళ మధ్యలోంచి మనిషి పోవచ్చు, గొర్రె పోవచ్చు. కారు పోలేదు.

"నీ రిపేర్ల పుస్తకంలో ఏమని రాస్తావు?" అని ఇస్సాకును అడిగాడు మా ఆయన.

"డివైడర్ బాగుచేసినామని. అబద్ధమా?" అన్నాడు ఇస్సాకు.

మా ఆయన ఫొటో తీశాడు. కారు గీత చెరిపేసి, నడిచేవాళ్ళ దారి అని సన్నటి చుక్కల గీత పెట్టాడు. పది నిమిషాల్లో ఎలీషబా మేడం ఒప్పుకున్నారు. ఇప్పుడు అది నేల మీద ఉన్నదే కదా. రెండో రోజుకల్లా ఆ ఆడగొంతు నా హోటలు ముందు మాట్లాడటం మానేసింది. కార్లు మూడు కిలోమీటర్ల అవతల తిరుగుతున్నాయి. నాకు పిండి మిగలడం మొదలైంది. రెండో పెనం కడిగి అటక మీద పెట్టాను. బాధ లేదంటే అబద్ధం. బల్లలు తుడిచినప్పుడల్లా ఉండేది.

ఒక పొద్దున మామ గుట్టకు పోతుంటే నీళ్ళ సీసా చేతికిస్తూ చెప్పేశాను. "మామా, ఆ గీత గీయమన్నది నేనే. బావ కాదు."

ఆయన సీసా మూత గట్టిగా బిగించుకున్నాడు. "నాకు తెల్దంటావా అమ్మా? వానికి సొంతంగా అంత యాపారం తెలివి యాడిది," అని కర్ర తీసుకుని మంద వెనక పోయాడు. నేను వాకిట్లో నిలబడి ఏడుస్తూ నవ్వాను. అమ్మే మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

కథ ఇక్కడితో అయిపోవాలి. కానీ ఎలీషబా మేడం ఒక మాట అడిగారు. ఆ చుక్కల గీతకు పేరేమైనా ఉందా, ఊళ్ళో దాన్ని ఏమంటారు అని. మా ఆయన ఫోన్ పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. నేను వెనకనుంచి చూస్తూనే ఉన్నాను. 'లేదు' అని రాశాడు.

"ఆదెమ్మ సందు అని రాయొచ్చు గదా," అన్నాను.

"అట్ల ఎవురు పిలుస్తుండారు?"

"నేను పిలుస్తా."

"మనకిష్టమైన పేరు రాయగూడదు భాగ్యా. జనం పిలిచేదే రాయాల."

"నేను జనం కానా?"

"ఒక్కరు జనం కాదు." అటు తిరిగి అన్నాడు, "మా అమ్మ పేరు రాసుకోవాలని నాకు మాత్రం లేదా."

ఆ మాట అన్నాక ఆయనతో పోట్లాడే మనసు రాలేదు. ఎంతమంది పిలిస్తే జనం అవుతారో మేడంనే అడగమన్నాను. నిజంగానే అడిగాడు, ఆయన అంతే. ఆమె రాసిన జవాబు నాకు చదివి వినిపించాడు. "లెక్కేమీ లేదు తమ్ముడూ. నువ్వూ నీ ఇంటివాళ్ళూ కాక, నీకు ముక్కూ మొహం తెలియని మనిషి నోట ఆ పేరు విన్న రోజు రాసెయ్యి."

సరే, ఇక చూస్కోండి. గ్యాసు బండివాడు ఎక్కడికి తేవాలక్కా అంటే ఆదెమ్మ సందు దగ్గరికన్నాను. కోడిగుడ్ల ఆటోవాడికి అదే చెప్పాను. కూరగాయల వాళ్ళకు, చిట్టీ పాటకొచ్చే ఆడవాళ్ళకు, కాలేజీకి పోయే ఆడపిల్లలకు. అమ్మాయ్, రేపు బస్సు ఆదెమ్మ సందు కాడ ఎక్కుతావా, ఊరి కమాను కాడ ఎక్కుతావా అని పనిగట్టుకుని అడిగేదాన్ని. హోటలుకు బోర్డు రాయిస్తే దాని మీద పేరు వేయించొచ్చని ఇస్సాకు సలహా ఇచ్చాడు. అది దొంగాట అవుతుందని మానేశాను. నియమం నాకూ కొంచెం అంటుకుంది కాబోలు. మామ ఇదంతా వింటున్నాడో లేదో తెలియదు. చుక్కల గీతకు పేరు లేకుండానే రోహిణి కార్తె ఎండలు పోయాయి.

జూన్ చివర్లో వానలు పడ్డాయి. గొర్రెలకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు తేవడానికి మామ మార్కాపురం బయల్దేరాడు. వ్యాను షెడ్డులో ఉండటంతో మా ఆయనా, నా సరుకుల కోసం నేనూ, ముగ్గురం పోయాం. తిరుగు పల్లెవెలుగు బస్సు కిక్కిరిసి ఉంది. మామకు కిటికీ పక్కన సీటు దొరికింది. మేమిద్దరం కడ్డీ పట్టుకుని నిలబడ్డాం. కండక్టరు కొత్తమనిషి, కుర్రాడు, పొదిలి నుంచి ఈ రూటుకు ఆ వారమే వచ్చాడట. మేము ఊరి పేరు మాత్రమే చెప్పి టికెట్లు తీసుకున్నాం.

మందు సీసాల సంచి ఒళ్ళో పెట్టుకుని మామ కునుకు తీస్తున్నాడు. బయట సన్నగా జల్లు. పలకల గనులు దాటాం. నా సరుకుల సంచి భుజం కోస్తోంది, ఊరి కమాను దగ్గర దిగి ఆ బరువుతో ఎట్లా నడవాలా అని ఆలోచిస్తున్నాను. వెనక మెట్టు మీదనుంచి కండక్టరు బస్సు బాదుతూ అరిచాడు.

"ఆదెమ్మ, ఆదెమ్మ, ఆదెమ్మ సందు. ఎవరన్నా ఉన్నారా దిగేవాళ్ళు?"

మా ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు. ముందు సీట్లో కాలేజీ పిల్లలు ఇద్దరు పుస్తకాలు సర్దుకుంటున్నారు. నేను మామ వైపు చూశాను. ఆయన కళ్ళు తెరిచి ఉన్నాడు. ఆ రోజు సందులో మూడోసారి పిలిచాక చూసినట్టే చూస్తున్నాడు, ఈసారి కిటికీలోంచి. తర్వాత సంచి భుజాన వేసుకుని, సీటు పట్టుకుని లేచాడు.

"ఉండాం నాయనా," అన్నాడు. "ఆపు."